ఆటిజం ఉన్న బిడ్డకు థెరపీని ఇంటి పనుల్లో కలపడం: తల్లిదండ్రుల కోసం కొన్ని సూచనలు

మా అబ్బాయికి ఆటిజం ఉంది, అంటే మాట, చూపు కలపడం, నలుగురితో కలవడం మిగతా పిల్లల్లా రాని ఎదుగుదల తేడా. వాడికి మూడేళ్లు నిండినప్పుడు మేము అనంతపురం నుంచి వారానికి రెండుసార్లు వేరే నగరంలోని ఒక థెరపీ కేంద్రానికి వెళ్లి వచ్చేవాళ్లం. పిల్లవాడిని లోపలికి తీసుకువెళ్లి తలుపు వేసుకునేవారు. నలభై ఐదు నిమిషాల తరువాత బయటికి పంపి, 'ఈ రోజు బాగా చేశాడు' అని చెప్పేవారు. ఎనిమిది నెలలు గడిచేసరికి వాడు బొమ్మల కార్డు చూపిస్తే 'యాపిల్' అనగలిగాడు, 'ఎలిఫెంట్' అనగలిగాడు. దాహం వేస్తే మాత్రం వంటింటి గడప దగ్గర పడి ఏడవడమే తప్ప, నీళ్ల బిందె వైపు వేలు చూపడం కూడా వాడికి తెలియలేదు. లోపల ఏమి నేర్పుతున్నారో మేము అడగలేదు, ఇంట్లో ఏమి చేయాలో వాళ్లు చెప్పలేదు. ఆ ఎనిమిది నెలలు మాకు తిరిగి రావు. ఈ దారిలోకి కొత్తగా వచ్చే తల్లిదండ్రులకు అటువంటి నష్టం జరగకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. నాలుగేళ్ల బిడ్డ రోజుకు పన్నెండు గంటలు మెలకువగా ఉంటాడనుకుంటే వారానికి 84 గంటలవుతాయి. అందులో థెరపిస్టు దగ్గర గడిచేది మూడు గంటలకు మించదు. మిగిలిన 81 గంటలూ స్నానం, అన్నం, బట్టలు, ఆట, వీధి, బంధువుల మధ్యనే గడిచిపోతాయి. కాబట్టి థెరపిస్టు నుంచి మనం ముఖ్యంగా అడిగి తీసుకోవలసింది, ఆ 81 గంటల్లో ఏ పనిని ఎలా చేస్తే బిడ్డకు మాటగా, నేర్పుగా మారుతుందన్న శిక్షణ.

అనుమానం వచ్చినప్పుడు

బిడ్డ రెండు నెలలకు మన మొహం చూసి నవ్వాలి. తొమ్మిది నెలలకూ ఏడాదికీ మధ్య పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాది దాటిన తరువాత కావలసినదాన్ని వేలితో చూపాలి, కాకిని చూసినా బస్సును చూసినా 'నువ్వూ చూడు' అన్నట్టు మన వైపు తిరగాలి. పదహారు నెలలకు విడి మాటలు, రెండేళ్లకు 'అమ్మ రా', 'పాలు తా' వంటి జంట మాటలు రావాలి. వీటిలో ఏది రాకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా, వెంటనే పిల్లల వైద్యునికి చూపించాలి. మాటల కంటే ముందు వేలితో చూపడాన్నీ, చూపు కలపడాన్నీ గమనించమని నేను ప్రతి తల్లికీ చెబుతాను. మాట ఆలస్యమైనా సైగలతో అన్నీ తెలియజేసే బిడ్డ వేరు, మాటా సైగా రెండూ లేని బిడ్డ వేరు.

ఈ దశలో మన ఇళ్లలో తప్పక వినిపించే మాట ఒకటుంది: 'వాళ్ల నాయనకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు, వీడూ అంతే.' పెద్దవాళ్లు ఆ మాట ప్రేమతోనే, మనకు ధైర్యం చెప్పడానికే అంటారు. దాన్ని నమ్ముకుని రెండేళ్లు ఊరుకుంటే, మెదడు అన్నిటికంటే వేగంగా పెరిగే కాలం చేజారిపోతుంది. వైద్యుడు చూసి ఏమీ లేదని చెబితే మనకు పోయేది ఒక్క పూట మాత్రమే. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే మాటలు వస్తాయన్నది కూడా మన వైపు గట్టి నమ్మకమే గానీ, వసలో బీటా-అసరోన్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది కనుక పసివాళ్లకు పట్టకపోవడం మంచిది. నాలుక కింద తీగ పాలు తాగడానికీ కొన్ని అక్షరాలు పలకడానికీ అడ్డు కావచ్చు గానీ, దాన్ని కోయించినంత మాత్రాన భాష రాదు. తాయెత్తు కట్టించడం, దర్గాలో ఫాతెహా ఇప్పించడం, మొక్కుకోవడం మీ ఇష్టం. వాటి కోసం వైద్యుని దగ్గరికి వెళ్లే రోజును మాత్రం వాయిదా వేయవద్దు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి. ఆసుపత్రిలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులోనే ఏ వయసుకు ఏమి రావాలో బొమ్మలతో ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఎదుగుదలలో ఆలస్యం కనిపించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. ఈ కేంద్రాలను జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా నడుపుతారు, అక్కడి సేవలకు రుసుము ఉండదు.

పరీక్షలు, నిర్ధారణ

పిలిస్తే పలకని బిడ్డకు అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చిన్నపిల్లలను నిద్రపుచ్చి చేసే ఈ పరీక్షను బెరా అంటారు. ఫోనులో పాట మోగితే పక్క గదిలోంచి పరిగెత్తుకొస్తాడు కదా అని దీన్ని వదిలేయకూడదు, ఎందుకంటే కొన్ని స్థాయిల ధ్వనులు మాత్రమే వినబడని లోపాలు కూడా ఉంటాయి. అవసరాన్ని బట్టి వైద్యులు థైరాయిడ్ పరీక్ష, మూర్ఛ అనుమానం ఉంటే మెదడు తరంగాలను చూసే ఈఈజీ, మేనరికపు పెళ్లి అయినా కుటుంబంలో మరొకరికి ఇటువంటి సమస్య ఉన్నా జన్యు పరీక్షలు రాస్తారు. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. బిడ్డను గమనించి, తల్లిదండ్రులను వివరంగా అడిగి నిర్ధారించడమే పద్ధతి. వైకల్య ధ్రువపత్రం కోసం ఆటిజం తీవ్రతను కొలవడానికి మన దేశంలో వాడే ఇసా అనే కొలబద్దను సికింద్రాబాదులోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ తయారు చేసింది. అందులో 40 అంశాలు ఉంటాయి. మొత్తం మార్కులు 70 నుంచి 106 వరకు వస్తే స్వల్పమని, 107 నుంచి 153 వరకు మధ్యస్థమని, ఆపైన తీవ్రమని లెక్కిస్తారు. అయిదేళ్ల లోపు పిల్లల్లో నడక, మాట, ఆట, అవగాహన వంటి వాటిలో రెండు మూడింట వెనుకబాటు ఉంటే 'గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే' అని కాగితం మీద రాస్తారు. ఆ పేరు చూసి దిగులు పడుతూ కూర్చోవద్దు, ఇది ఆటిజమా కాదా అని తేలేదాకా థెరపీ ఆపవద్దు. మొదలుపెట్టడానికి పేరు ఖాయం కానక్కరలేదు.

తల్లి పెంపకం వల్ల గానీ టీకాల వల్ల గానీ ఆటిజం రాదు. టీకాతో ముడిపెట్టి 1998లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని 2010లో అదే పత్రిక ఉపసంహరించుకుంది. టీకాలన్నీ వేయించండి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. విపరీతమైన చిరాకు, తనను తాను కొట్టుకోవడం, నిద్ర లేకపోవడం, మూర్ఛ వంటి వాటికి మందులు ఉన్నాయి, వాటిని పిల్లల మానసిక వైద్యుడో నరాల వైద్యుడో రాయాలి. మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే నయమవుతుందని లక్షలు అడిగేవారి మాట వినవద్దు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఆటిజానికి మూలకణ చికిత్సను వాడుకలో చేయడాన్ని అనుమతించలేదు. పొలం అమ్మి అటువంటి చికిత్సకు సిద్ధపడిన ఒక కుటుంబాన్ని నేను స్వయంగా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మన వైపు కర్నూలువాళ్లు హైదరాబాదుకు, అనంతపురంవాళ్లు బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక, నరాల ఆసుపత్రికి, కడపవాళ్లు తిరుపతికో వేలూరు సీఎంసీ ఆసుపత్రికో వెళ్లడం అలవాటు. ఒకసారి వెళ్లి నిర్ధారణ చేయించుకోవడం, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ప్రణాళిక సరిచూసుకోవడం మంచిదే. వారం వారం థెరపీ మాత్రం మీ ఊరికి దగ్గరలోనే పెట్టుకోండి. బస్సులో నాలుగైదు గంటలు ఏడ్చి అలసిపోయిన బిడ్డ ఆ నలభై ఐదు నిమిషాల్లో ఏమీ నేర్చుకోలేడు, తిరిగి వచ్చిన తల్లికి ఇంట్లో నేర్పే ఓపికా మిగలదు.

థెరపిస్టుతో ఒప్పందం

స్పీచ్ థెరపిస్టు మాటతోపాటు సైగ, చూపు, వినడం, నమలడం కూడా చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు చేతి పనులు, స్పర్శ, ధ్వని, కదలికల పట్ల బిడ్డకు ఉన్న ఇబ్బందులు చూస్తారు. నడక, కండరాల బిగువు సంగతి ఫిజియోథెరపిస్టుది, చదువు సంగతి ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులది. స్పీచ్ థెరపిస్టులకు, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులకు, క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉండాలి. అది అడగడంలో మొహమాటం అక్కరలేదు.

చేర్చే ముందే మూడు విషయాలు మాట్లాడుకోండి. తల్లిదండ్రులలో ఒకరిని గదిలో కూర్చోనిస్తారా? ఈ నెలలో నేర్పబోయే రెండు మూడు పనులను కాగితం మీద రాసి ఇస్తారా? సెషన్ చివరి పది నిమిషాలు మా చేత చేయించి, మా తప్పులు దిద్దుతారా? ఈ మూడింటికీ ఒప్పుకునే థెరపిస్టు వారానికి ఒక్కసారే దొరికినా, తలుపు వేసుకునే చోట వారానికి అయిదుసార్లు వెళ్లడం కంటే మేలని నా అనుభవం. 'మాటలు రావాలి' అన్నది లక్ష్యంగా సరిపోదు. 'అన్నం తినేటప్పుడు మూడుసార్లు ఇంకా కావాలని సైగతో గానీ మాటతో గానీ అడగాలి' అన్నట్టుగా, చూసి లెక్కపెట్టగలిగేలా ఉండాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చేతులు అదిమిపట్టి కూర్చోబెట్టే చోట, కొట్టే చోట, ఒక్క రోజు కూడా ఉంచవద్దు.

ఇంట్లో ఏమి చేయాలి

మొదటి సంగతి భాష. బిడ్డతో ఇంగ్లీషులో మాట్లాడితే బడికి పనికొస్తుందని కొందరు సలహా ఇస్తారు. తల్లికి, అవ్వకు, తాతకు నోరారా వచ్చిన భాషలోనే మాట్లాడాలి. అనంతపురంలో కన్నడ, తెలుగు రెండూ నడిచే ఇళ్లు, కర్నూలు కడపల్లో ఉర్దూ, తెలుగు రెండూ నడిచే ఇళ్లు చాలా ఉన్నాయి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న బిడ్డకు కీడు జరగదు. మాట పొట్టిగా ఉండాలన్నదే ముఖ్యం. బిడ్డకు మాటలే లేకపోతే మీరు ఒక్క మాట వాడండి, ఒక మాట ఉంటే రెండు మాటలు వాడండి. 'ఇదేంది? అదేంది? ఇది చెప్పు' అని ప్రశ్నలు వేయడం తగ్గించి, జరుగుతున్నదాన్ని పేరు పెట్టి చెప్పండి.

స్నానాన్ని ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే మా అబ్బాయికి మొదటి మాట అక్కడే వచ్చింది. చెంబుతో నీళ్లు పోస్తూ ప్రతిసారీ 'పోయి' అనేదాన్ని. వారం రోజుల తరువాత, చెంబు ఎత్తి వాడి భుజం దగ్గర ఆపి, మొహం వాడి మొహానికి ఎదురుగా వచ్చేలా కూర్చుని, మనసులో పది లెక్కపెట్టుకుంటూ ఎదురుచూశాను. మొదటి రోజుల్లో వాడు చెంబు వైపు చూసి, కాళ్లాడించేవాడు, అదే చాలనుకుని పోసేదాన్ని. తరువాత నా చేయి పట్టుకుని కిందికి లాగడం మొదలుపెట్టాడు. ఇరవై రోజులకు పెదవులు కలిపి 'ప' అన్నాడు. ఆ వెంటనే చెంబెడు నీళ్లు పోశాను. 'సరిగా అను' అని మళ్లీ అడగలేదు. పది లెక్కపెట్టేంతసేపు ఊరుకోవడం చాలా కష్టం, మన నోరు ఆగదు. అయినా ఇంట్లో చేయదగిన పనులన్నిటిలోకీ దీన్నే ముందు నేర్చుకోమంటాను. బిడ్డ విన్న మాటను అర్థం చేసుకుని జవాబు కూర్చుకోవడానికి ఆ వ్యవధి కావాలి.

ఇదే పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది. బొరుగులు వాడికి కనబడే గట్టి మూత డబ్బాలో పోసి అందేచోట పెడితే, డబ్బా తెచ్చి మన చేతికి ఇస్తాడు. అది వాడి మొదటి 'అడగడం'. 'తీయి' అని చెప్పి తీసి, గుప్పెడు కాకుండా నాలుగు బొరుగులే పెట్టాలి, అప్పుడు మళ్లీ అడిగే అవసరం ఉంటుంది. ఉప్పుమూట ఆటలో వీపు మీద ఎక్కించుకుని నాలుగడుగులు వేసి ఆగిపోతే, కదలమని ఊగుతాడు, 'పద' అని మనమే అని కదలాలి. కొన్నాళ్లకు ఆ మాట వాడి నుంచి వస్తుంది. రెండు చొక్కాలు చూపి ఏది కావాలో ఎంచుకోనివ్వడం కూడా మాట నేర్పడమే.

మాట ఎంతకీ రాని పిల్లలకు బొమ్మలు వాడండి. అంగడిలో దొరికే కార్డులు అక్కరలేదు. మీ ఇంటి నీళ్ల బిందె, మీ గ్లాసు, మీ మరుగుదొడ్డి, మీ బడి బస్సు ఫోటోలు ఫోనుతో తీసి, ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి, ఆయా వస్తువుల దగ్గరే తగిలించండి. బొమ్మ ఇచ్చి నీళ్లు తీసుకోవడం నేర్చుకున్న బిడ్డకు అరవాల్సిన పని తగ్గుతుంది. బొమ్మలు అలవాటైతే మాటలు రావేమోనన్న భయం అక్కరలేదు, అవి మాటకు అడ్డు రావు.

శబ్దం గురించి మా ఇంట్లో జరిగినది చెప్పాలి. కుక్కర్ విజిల్ వేస్తే వాడు చెవులు మూసుకుని తలను గోడకు కొట్టుకునేవాడు. కుక్కర్ మానేసి కొంతకాలం గిన్నెలోనే అన్నం వండాను. తరువాత థెరపిస్టు సలహాతో పలక మీద మూడు గీతలు గీసి, కుక్కర్‌ను ముట్టుకోనిచ్చి, 'మూడు విజిళ్లు' అని చెప్పి, వంటింటి బయట, వాడు భరించగలిగినంత దూరంలో కూర్చోబెట్టాను. ఒక విజిల్ రాగానే వాడి చేతనే ఒక గీత చెరిపించేదాన్ని. మూడో గీత పోతే శబ్దం ఆగిపోతుందని వాడికి తెలిసింది. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడమే వాడిని అంతగా బాధపెట్టింది. నెల తిరిగేసరికి పలక తెచ్చి నా చేతికి ఇచ్చి తానే దూరంగా వెళ్లి కూర్చునేవాడు. ముందు ఏమిటి, తరువాత ఏమిటి అన్నది రెండు బొమ్మలతో చూపడం కూడా ఇటువంటిదే. మంగలి దగ్గరికి, ఆసుపత్రికి, పెళ్లికి వెళ్లే ముందు అలా చూపితే సగం గొడవ తప్పుతుంది.

పనులను చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పండి. నిక్కరు తొడుక్కోవడంలో మనం మోకాళ్ల దాకా, ఆపైన తొడల దాకా ఎక్కించి, నడుము దగ్గరికి లాక్కునే చివరి పని మాత్రం బిడ్డకు వదలాలి. పని పూర్తి చేసిన తృప్తి ప్రతిరోజూ వాడికే దక్కుతుంది. అది వచ్చాక దాని ముందు మెట్టు వదలాలి. వేళ్ల పట్టుకు చెనిక్కాయలు ఒలవడం కంటే మంచి సాధనం మన వైపు మరొకటి లేదు. జొన్నపిండి పిసకడం, సంగటి ముద్దలు చేయడం, చిన్న బిందెతో నీళ్లు మోయడం వంటివి ఒక చోట కుదురుగా ఉండలేని పిల్లలను నెమ్మదింపజేస్తాయి. నాలుగైదేళ్ల లోపు పిల్లలు చెనిక్కాయ గింజలు నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంటుంది, కనుక పక్కనే కూర్చోవాలి.

తిండి విషయంలో ఓపికే ఉపాయం. తెల్లగా ఉండేవి మాత్రమే తినే పిల్లలు, కరకరలాడేవి మాత్రమే తినే పిల్లలు ఉంటారు. వాడు తినేదాన్ని తీసేయకుండా, కొత్తదాన్ని చిటికెడు పక్కన పెట్టండి. మొదట పళ్లెంలో ఉండనిస్తే చాలు, తరువాత ముట్టుకోవడం, వాసన చూడడం, నాలుకకు తగిలించడం. నోరు నొక్కి పెడితే ఉన్న ఆ నాలుగు పదార్థాలు కూడా మానేస్తారు. బరువు తగ్గుతున్నా, మలబద్ధకం ఉన్నా వైద్యునికి చెప్పండి, ఎందుకంటే చెప్పుకోలేని బిడ్డ కడుపునొప్పిని కోపంగా చూపుతాడు. ఫోను చూపిస్తూ తినిపించడాన్ని ఒక్కసారిగా ఆపలేకపోతే, రోజులో ఒక పూటతో మొదలుపెట్టండి.

మిద్దె మెట్లకు తలుపు, నీళ్ల సంపుకు బరువైన మూత, వీధి తలుపుకు పైన గడియ ఈరోజే పెట్టించండి. ఆటిజం ఉన్న పిల్లలు చప్పుడు లేకుండా బయటికి వెళ్లిపోతారు, నీళ్ల వైపు ఆకర్షితులవుతారు. మెడలో గానీ చేతికి గానీ మీ ఫోను నంబరు ఉన్న బిళ్ల ఉండాలి.

కేకలు, కొరకడం, తల కొట్టుకోవడం

ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఇటువంటి గొడవ జరిగిన ప్రతిసారీ దానికి ముందు ఏమి జరిగింది, ఏమి చేశాడు, తరువాత మనం ఏమి చేశాం అన్న మూడు సంగతులు రాయండి. రెండు వారాలు రాస్తే కారణం బయటపడుతుంది. మా పుస్తకంలో సాయంత్రపు గొడవలన్నీ కరెంటు పోయి ఫ్యాను ఆగిన సమయాలకు సరిపోయాయి. ఏదైనా కావాలని అరుస్తున్నాడా, చేతకాని పనినుంచి తప్పుకోవాలని అరుస్తున్నాడా, మన దృష్టి కోసమా, లేక నొప్పి, వేడి, శబ్దం భరించలేకనా అన్నది తెలిస్తే, ఆ అవసరాన్నే చెప్పుకునే మరో దారి నేర్పవచ్చు. చేయి అడ్డంగా ఊపి 'వద్దు' అనడం నేర్పిన తరువాత మా అబ్బాయి కొరకడం చాలావరకు మానేశాడు. గొడవ ఉధృతంగా ఉన్నప్పుడు ఏదీ నేర్పలేము. జనాన్ని దూరంగా పంపి, మాటలు తగ్గించి, దెబ్బ తగలకుండా చూసుకుంటూ పక్కన ఉండాలి. కొట్టడం వల్ల ఆ క్షణానికి భయపడి ఊరుకుంటాడు, అవసరం మాత్రం చెప్పుకోలేకుండా అలాగే ఉండిపోతుంది.

ఇంట్లో అందరూ

మా అత్తగారికి మొదట్లో ఇదంతా నచ్చలేదు. బిడ్డను ఎదురుచూపించడం, నాలుగే బొరుగులు పెట్టడం ఆమెకు ఏడిపించడంగా తోచింది. వాదించడం మానేసి, ఒకరోజు థెరపిస్టు దగ్గరికి ఆమెనే వెంట తీసుకుపోయాను. 'అవ్వా, మీ మనవడికి సంగటి ముద్ద మీరే పెట్టండి, పెట్టే ముందు ముద్దను మీ కళ్ల దగ్గర ఆపండి' అని ఆ థెరపిస్టు అమ్మాయి ఒక్క పని అప్పగించింది. వాడు ముద్ద కోసం చూస్తూ ఆమె కళ్లలోకి చూసినప్పుడు ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ రోజు నుంచి రాత్రి భోజనం ఆమె బాధ్యత. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఇలా ఒకే ఒక్క పని అప్పగించండి. పది సూచనలు ఇస్తే ఎవరూ పాటించరు. మావారు ఉదయం స్నానం, రాత్రి ఉప్పుమూట తీసుకున్నారు. తండ్రి డబ్బు తెస్తే చాలు, థెరపీ తల్లి పని అనుకునే ఇళ్లలో తల్లి ఆరోగ్యం ముందు దెబ్బతింటుంది. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తిగా ఉన్నా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అక్కకో తమ్ముడికో విషయం దాచకుండా వాళ్ల వయసుకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆడపిల్ల అయితే చిన్న తల్లిగా మార్చేయడం మన అలవాటు, అది చేయవద్దు. వారంలో ఒక గంట పూర్తిగా ఆ అక్కకో తమ్ముడికో ఇవ్వండి. పెళ్లిళ్లకు, ఉరుసుకు, పీర్ల పండుగకు మానేయనక్కరలేదు. మేళం మొదలుకాక ముందే వెళ్లి, తలుపు దగ్గర కూర్చుని, వాడు అలసిపోక ముందే వచ్చేయాలి. ఇరవై నిమిషాలు హాయిగా ఉండి రావడం, మూడు గంటలు ఉండి ఏడుస్తూ రావడం కంటే మంచిది.

బడి, కాగితాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఆటిజం ఒకటి. గుర్తింపు ఉన్న బడి ఏదైనా వైకల్యం కారణంగా చేర్చుకోనని చెప్పడానికి వీలులేదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరలోని బడిలో గానీ ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య హక్కు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు, బడికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గర నేర్పే ఏర్పాటు కూడా ఉంది. మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. అనంతపురం పల్లెల్లో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రత్యేక బడులు నడిపింది. బడిలో చేర్చేటప్పుడు ఒక పేజీ కాగితం ఇవ్వండి: వాడికి ఏది ఇష్టం, ఏది భయం, మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఎలా తెలియజేస్తాడు, ఏడిస్తే ఏమి చేయాలి. టీచరమ్మకు అది నిర్ధారణ పత్రం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం కోసం గ్రామ, వార్డు సచివాలయంలో స్లాట్ తీసుకుని, ఇచ్చిన తేదీన ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ రద్దీ ఎక్కువ, కాబట్టి నీళ్లు, వాడు తినేవి, ఇష్టమైన వస్తువు తీసుకువెళ్లి, మీ వంతు వచ్చేదాకా ఒకరు బిడ్డను బయట చెట్టు కింద ఉంచండి. 40 శాతం, ఆపైన ఉంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకు 6,000 రూపాయల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద నడిచే నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు ఇస్తుంది, అందులో థెరపీ కూడా ఉంది. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండిన తరువాత తన వ్యవహారాలు తాను చూసుకోలేని స్థితిలో ఉంటే, సంరక్షకుల నియామకం కోసం అదే చట్టం కింద కలెక్టరు నేతృత్వంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. కాగితాలన్నీ మూడేసి నకళ్లు తీయించి ఒకే ఫైలులో ఉంచండి.

మా అబ్బాయికి ఇప్పుడు పదకొండేళ్లు. నాలుగైదు మాటల వాక్యాలు మాట్లాడతాడు, బట్టలు మడతపెడతాడు. ప్రస్తుతం వీధి చివరి అంగడికి వెళ్లి పెరుగు ప్యాకెట్ తేవడం నేర్పుతున్నాం. ఆ పనిని తొమ్మిది మెట్లుగా విడగొట్టి, చివరి మెట్టు అయిన ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టడంతో మొదలుపెట్టాం. అంగడి ఆయనకు ముందుగానే చెప్పి ఉంచాం. ఇప్పుడు నేను రోడ్డుకు ఇవతల నిలబడతాను, వాడు బొమ్మ కార్డు జేబులో పెట్టుకుని ఒక్కడే అంగడి మెట్టెక్కి, 'పెరుగు ఇయ్యి అన్నా' అని అడిగి, డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నాడు. చిల్లర తీసుకోవడం వచ్చే నెల పని.